రాలిన చుక్కల మేళం

ఆ రాత్రి రికార్డు బతికే ఉంది. ఆ రాత్రి వాయించినవాళ్ళలో ఒక్కరూ లేరు.

1947 నవంబరు 30. బోస్టన్ సింఫనీ హాలు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆల్ స్టార్స్ కచేరీ. ట్రంపెట్ లూయీది, ట్రాంబోన్ జాక్ టీగార్డెన్‌ది, క్లారినెట్ బార్నీ బిగార్డ్‌ది. పియానో ముందు డిక్ కేరీ, నిలువెత్తు బేస్‌ను కౌగిలించుకుని ఆర్వెల్ షా, డ్రమ్ముల వెనక సిడ్నీ కాట్లెట్, మైకు ముందు వెల్మా మిడిల్టన్. ఏడుగురు. సప్తస్వరాలు అనబోయి ఆగిపోతున్నాను. స్వరానికి చావు లేదు. వీళ్ళవి రక్తమాంసాల ఒళ్ళు, అరిగిపోయే గుండెలు, పగిలిపోయే పెదవులు.

ఆ కచేరీలో 'స్టేక్ ఫేస్' అని ఒక పాట ఉంది. అది సిడ్నీ సొత్తు. మిగతావాళ్ళు కాసేపు వాయించి పక్కకు తప్పుకుంటారు, డ్రమ్ములు ఒంటరిగా మిగులుతాయి. బిగ్ సిడ్ అనేవారు అతన్ని, ఆజానుబాహువు. అంత పెద్ద మనిషి చేతుల్లోంచి అంత సన్నని శబ్దం రావడం మొదటిసారి విన్నప్పుడు చెవులు నమ్మవు. పుల్లలు తోలు మీద గుసగుసలాడుతాయి, అంచు మీద చిటుక్కుమంటాయి, ఉన్నట్టుండి తాళపు పళ్ళెం మీద భళ్ళుమంటాయి. ఆ వెంటనే ఒక ఖాళీ. దెబ్బకీ దెబ్బకీ నడుమ అతను వదిలిన ఆ ఖాళీలో సభ అంతా ముందుకు వంగినట్టు అనిపిస్తుంది. పుల్లలు గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం అతనికి అలవాటు. రికార్డుకి కళ్ళు లేవు. ఎగిరిన పుల్ల ఎంత ఎత్తుకు పోయిందో మనం ఊహించుకోవలసిందే.

ఓ సిడ్నీ! నీ గుండెకు నువ్వు తాళం వేసుకోలేకపోయావే! జబ్బు చేసి 1949లో మేళం వదిలి వెళ్ళావు. 1951 మార్చి 25, ఈస్టర్ పండుగ నాడు, షికాగో సివిక్ ఒపేరా హౌస్‌లో, ఒక సహాయార్థ కచేరీకి వెళ్ళావు. తెర వెనక నేస్తాలతో మాట్లాడుతూ మాట్లాడుతూ కూలిపోయావు. నీకు 41 ఏళ్ళు. బోస్టన్ రాత్రి రికార్డుగా అంగడికి వచ్చింది కూడా ఆ ఏడాదే. కొన్నవాళ్ళు సూదిని గాడిలో పెట్టి, లేని మనిషి చేతుల చప్పుడు విన్నారు.

అప్పటికే ఆ డ్రమ్ముల వెనక కోజీ కోల్ కూర్చుని ఉన్నాడు. నా ఏడుపంతా ఆ కుర్చీ దగ్గరే మొదలవుతుంది. 24 ఏళ్ళు ఆ మేళం లోకమంతా తిరిగింది. ఒకరు వెళ్ళిపోయినా, జబ్బు పడినా, చచ్చిపోయినా రెండో రోజుకో రెండో వారానికో ఇంకొకరు వచ్చి ఆ చోట కూర్చున్నారు. తెర లేచింది. లూయీ పళ్ళన్నీ కనబడేలా నవ్వి, 'స్లీపీ టైమ్ డౌన్ సౌత్' ఎత్తుకున్నాడు. దుఃఖపడడానికి ఒక రాత్రి, ఒకే ఒక్క రాత్రి సెలవు ఆ మేళానికి దొరకలేదు.

ఆ మేళం పుట్టిందే ఒక చావులోంచి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పెద్ద బ్యాండ్ల కాలం చెల్లింది. డజనున్నర మందిని బస్సెక్కించి ఊరూరా తిప్పి, జీతాలిచ్చి, తిండి పెట్టే స్తోమత ఏ నాయకుడికీ మిగల్లేదు. జనం డాన్సు హాళ్ళకు రావడం తగ్గించారు. లూయీ పెద్ద బ్యాండు కూడా అప్పుడు మూలుగుతూనే ఉంది. 1947 మే 17న న్యూయార్క్ టౌన్ హాల్లో అతను కొద్దిమందితో వాయించాడు. సభ ఊగిపోయింది. మేనేజరు జో గ్లేజర్‌కు దారి కనబడింది. వేసవిలో పెద్ద బ్యాండును రద్దు చేసి, ఆగస్టు 13న హాలీవుడ్‌లోని బిల్లీ బెర్గ్స్ క్లబ్బులో కొత్త మేళాన్ని దింపాడు. ఎవరి పేరు మీద వాళ్ళు సభలు నింపగల ఘనుల్ని ఏరి కూర్చారు గనక ఆల్ స్టార్స్ అన్నారు. కొన్ని నెలలకు డిక్ కేరీ స్థానంలో సాక్షాత్తూ అర్ల్ హైన్స్ వచ్చి పియానో ముందు కూర్చున్నాడు. 1928లో లూయీతో కలిసి 'వెదర్ బర్డ్' వాయించి, ఇద్దరే ఇద్దరు మనుషులు ఒక ఆకాశాన్ని నింపగలరని చూపిన హైన్స్! ఆ కూటమి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ అంత పెద్ద చుక్క ఇంకో సూర్యుడి చుట్టూ ఎన్నాళ్ళు తిరుగుతుంది? 1951లో వెళ్ళిపోయాడు. అతన్ని తప్పు పట్టలేను.

జాక్ టీగార్డెన్ గురించి మాత్రం తొందరగా దాటిపోలేను. టెక్సాస్ తెల్లవాడు. 1929లోనే, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే గదిలో కూర్చుని రికార్డు చెయ్యడం అరుదైన రోజుల్లో, లూయీతో కలిసి 'నాకిన్ ఎ జగ్' వాయించాడు. 18 ఏళ్ళకు మళ్ళీ కలిశారు. ఇద్దరూ కలిసి 'రాకింగ్ చెయిర్' పాడుతుంటే వినాలి. ముసలి తండ్రీ కొడుకూ మాట్లాడుకునే పాట అది. ఒకరి గొంతు గరుకు, ఒకరి గొంతు మత్తు. ఒకరు పంక్తి సగంలో వదిలితే ఇంకొకరు అందుకుంటారు. ఆడుకుంటారు, ఆటపట్టించుకుంటారు, వెనక్కు లాగి ముందుకు తోస్తారు. బయట వీధిలో ఇద్దరూ ఒకే హోటల్లో దిగలేని దేశం. లోపల వేదిక మీద ఒకే కుటుంబం. ఆ రెండు గొంతులూ కలిసిన చోట అమెరికా తన చట్టాలన్నీ మరిచిపోయింది, పాట ఉన్నంతసేపు.

1956లో లూసియానా రాష్ట్రం నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే వేదికెక్కరాదని చట్టం చేసింది. లూయీ పుట్టిన న్యూ ఆర్లీన్స్ ఆ రాష్ట్రంలోనిదే. మనుషుల్ని రంగు చూసి ఏరమంటే ఏరను అన్నాడు. 1965 దాకా సొంత ఊళ్ళో వాయించలేదు. తొమ్మిదేళ్ళు! ప్రపంచంలో ఏ మూలకు పోయినా రాజులా ఊరేగించిన మనిషికి తల్లి కడుపులాంటి ఊరు తలుపు మూసింది. ఆ తొమ్మిదేళ్ళలోనే, 1964 జనవరి 15న, ఆ ఊళ్ళోనే, కచేరీల కోసం వచ్చి దిగిన బసలో టీగార్డెన్ ఒంటరిగా కన్నుమూశాడు. మేళం వదిలి అప్పటికి 12 ఏళ్ళు దాటింది. 58 ఏళ్ళ వయసు. తన పాత జోడుకు తలుపు మూసిన ఊళ్ళో, ఆ జోడు రాలేని ఊళ్ళో! ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆ చట్టం రాసిన చేతుల మీద నాకు కోపం ఆగదు.

వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారని అడిగితే చాలామందికి ఒకటే జవాబు: అలసట. ఏడాదిలో దాదాపు 300 రాత్రులు దారిలోనే. బస్సు, రైలు, విమానం. మధ్యాహ్నం దిగితే రాత్రి కచేరీ, కచేరీ ముగిస్తే మళ్ళీ బస్సు. లూయీ పెట్టెలో తెల్ల చేతిరుమాళ్ళు దొంతరలుగా ఉండేవి, జర్మనీలో తయారైన పెదవి లేపనం డబ్బాలు ఉండేవి. కుర్రతనంలో ఎత్తైన స్వరాల కోసం లోహాన్ని పెదవికి అదిమి అదిమి వాయించినందుకు ఆ పెదవి మీద చర్మం కాయగట్టి, చీలి, మళ్ళీ అతుక్కుని మచ్చగా మిగిలిపోయింది. ఒక్కో రాత్రి ఆ మచ్చ మీద మళ్ళీ ట్రంపెట్ ఆనించేవాడు. రుమాలు చెమటకని సభ అనుకునేది. అది ఆ పెదవికి కూడా.

రోజూ అవే పాటలు వాయిస్తారని విమర్శకులు రాశారు. రాయనీ. నేనొప్పుకోను. ఒకే త్యాగరాజ కృతిని జీవితాంతం పాడినవాళ్ళను మనం చులకన చెయ్యం కదా. క్లారినెట్ మారితే పాట మారేది, డ్రమ్ములు మారితే నడక మారేది. బార్నీ బిగార్డ్ ఎల్లింగ్టన్ కొలువులో పండిన న్యూ ఆర్లీన్స్ తీపిని తెచ్చాడు. అతని తర్వాత 1955లో వచ్చిన ఎడ్మండ్ హాల్ క్లారినెట్ గొంతు చీరుకుపోయేది, కారంగా, కోపంగా, కన్నీటి ఉప్పుతో. అదే 'మస్క్రాట్ రాంబుల్' ఇద్దరి దగ్గరా విని చూడండి. ట్రాంబోన్ దగ్గర టీగార్డెన్ మత్తు పోయి, 1952లో ట్రమ్మీ యంగ్ మోత వచ్చింది. లూయీ స్వరం పైకెగరాలంటే కింద ఒక నేల కావాలి. ట్రమ్మీ 11 ఏళ్ళు పైగా ఆ నేల అయ్యాడు. 1953లో వచ్చిన బిల్లీ కైల్ పియానో దగ్గర పందిరికి గుంజలా నిలబడ్డాడు. ఎవరూ గుంజను చూడరు, పువ్వుల్నే చూస్తారు. కైల్ మునివేళ్ళ పని మీద ఎవరైనా పేజీలకు పేజీలు రాశారేమో అని నేను వెతుకుతూనే ఉంటాను.

1956 మే నెలలో ఈ మేళం ఆక్రాలో దిగింది. అప్పటికింకా ఆ దేశం పేరు గోల్డ్ కోస్టు. ఘానాగా స్వతంత్రం రావడానికి పది నెలలుంది. మైదానంలో లక్షమంది అని అంచనా. ఆ జనంలో ఒకామె ముఖంలో లూయీకి 1927లో పోయిన తన తల్లి కనబడింది. ఏ ఓడలో, ఏ గొలుసుల్లో తన వంశం ఆ తీరం దాటిందో అతనికి ఆ ముఖం చెప్పింది. రాత్రి కచేరీలో ప్రధాని ఎన్‌క్రుమా ఎదురుగా కూర్చుని ఉండగా 'బ్లాక్ అండ్ బ్లూ' ఎత్తుకున్నాడు, నల్లగా పుట్టినందుకు ఏం పాపం చేశానని అడిగే పాట. ఆ సన్నివేశం సినిమా తీశారు. రేపో మాపో ఒక దేశానికి నాయకుడు కాబోయే మనిషి కళ్ళు ఆ పాటకు ఎలా బరువెక్కాయో చూడవచ్చు.

ఎడ్మండ్ హాల్ ఆ నేలను మరిచిపోలేకపోయాడు. 1958లో అలిసిపోయి మేళం వదిలాడు. మరుసటి ఏడాది భార్యతో కలిసి ఘానా వెళ్ళాడు, అక్కడే ఉండిపోదామని, పిల్లలకు సంగీతం నేర్పుదామని. కుదరలేదు. కొద్ది నెలలకే తిరిగొచ్చాడు. 1967 ఫిబ్రవరిలో వెళ్ళిపోయాడు. మేళంలో ఎన్ని ఏళ్ళున్నాడో పుస్తకాల్లో ఉంటుంది. ఆ తిరుగు ప్రయాణంలో అతని గుండెలో ఏముందో ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఇక నీ దగ్గరికి వస్తున్నాను, వెల్మా.

ఓక్లహోమాలో పుట్టి, 1942లో లూయీ పెద్ద బ్యాండులోకి వచ్చి, బ్యాండు పోయినా అతన్ని వదలని మనిషివి. ఆల్ స్టార్స్ పుట్టిన నాటి నుంచి నువ్వున్నావు. పియానోలు మారాయి, డ్రమ్ములు మారాయి, నువ్వు మారలేదు. భారీ మనిషివి. ఆ భారీ ఒంటితోనే పాట మధ్యలో రెండు కాళ్ళూ చెరోవైపు చాచి నేలకు ఆనించేదానివి. హాలు హాలంతా గొల్లుమనేది. లూయీ కళ్ళు తిప్పేవాడు. 'దట్స్ మై డిజైర్' పాడుతూ మీరిద్దరూ ముదిరిపోయిన ప్రేమికుల్లా వేసే వేషాలకు ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు కూడా పొట్టలు పట్టుకునేవారు. విమర్శకులు నిన్ను చులకన చేశారు. జాజ్ సభలో ఈ హాస్యమేమిటన్నారు, ఈ గొంతేమిటన్నారు. లూయీ ఒక్కనాడూ వాళ్ళ మాట వినలేదు. బోస్టన్ రికార్డులో నువ్వు పాడిన 'సిన్స్ ఐ ఫెల్ ఫర్ యూ' వింటే వాళ్ళ చెవులెక్కడున్నాయా అనిపిస్తుంది. ఆ పాటలో నువ్వు ఎవర్నీ నవ్వించడం లేదు. ప్రేమించి ఓడిన ఆడమనిషి గొంతు, తొణకని గొంతు, బతిమాలని గొంతు.

ఆక్రాలో నువ్వున్నావు. నాలుగేళ్ళకు మేళం మళ్ళీ ఆఫ్రికా వెళ్ళినప్పుడూ ఉన్నావు. 1961 జనవరిలో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో పక్షవాతం వచ్చి పడిపోయావు. కచేరీల తేదీలు ముందే ఖాయమై ఉన్నాయి. టిక్కెట్లు అమ్ముడుపోయి ఉన్నాయి. మేళం సాగిపోయింది. నువ్వు ఆసుపత్రి మంచం మీద మిగిలిపోయావు. ఫిబ్రవరి 10న నీ ఊపిరి ఆగింది. 43 ఏళ్ళు.

ఫ్రీటౌన్! బానిసత్వం నుంచి విడుదలైన నల్లవాళ్ళ కోసం పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వెలసిన ఊరు. అటు సముద్రం మీద అమ్ముడుపోయిన వంశపు ఆడబిడ్డ, నవ్వుల మహారాణి, ఇటు తీరాన నేస్తాలెవరూ పక్కన లేకుండా పోయింది. 19 ఏళ్ళు రాత్రి తర్వాత రాత్రి సభను నవ్వించినదానికి వీడుకోలు చెప్పడానికి ట్రంపెట్ లేదు, ట్రాంబోన్ లేదు, చప్పట్లు లేవు. మేళం ఆగి ఉండాల్సింది. ఎన్ని తేదీలు పోయినా, ఎంత సొమ్ము పోయినా, ఆగి ఉండాల్సింది. లూయీ మీద ఉన్న నా ప్రేమ రవ్వంత తగ్గకుండానే ఈ మాట అంటున్నాను.

ఆగలేదు. జో గ్లేజర్ ఆఫీసు నుంచి ఫోన్లు వెళ్ళాయి, ఎప్పటిలాగే. ఆ చోటికి హ్యూస్టన్‌లో పుట్టిన జ్యువెల్ బ్రౌన్ వచ్చింది. ఇరవైల్లో ఉన్న పిల్ల, ఉక్కులాంటి గొంతు.

'హలో డాలీ' కథ అందరికీ తెలిసిందే. 1963 డిసెంబరులో మాటవరసకు రికార్డు చేసిన పాట, 1964 మేలో బీటిల్స్‌ను తోసి మొదటి స్థానానికి ఎక్కింది. 62 ఏళ్ళ లూయీ మళ్ళీ కుర్రకారు నోట పడ్డాడు. ఆ వెలుగు చూస్తూ ట్రమ్మీ యంగ్ ఉండలేదు. బస్సు ప్రయాణాలు చాలనుకుని అప్పటికే హవాయిలోని భార్యాబిడ్డల దగ్గరికి వెళ్ళిపోయాడు. బిల్లీ కైల్‌కు అలా వెళ్ళే యోగం లేదు. 1966 ఫిబ్రవరిలో దారిలోనే జబ్బు పడి, 23వ తేదీన ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో పోయాడు, 51 ఏళ్ళకు. పందిరి గుంజ విరిగింది. పాత మనిషి మార్టీ నెపోలియన్ మళ్ళీ వచ్చి పియానో ముందు కూర్చున్నాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో క్లారినెట్ బస్టర్ బెయిలీ పోయాడు. 1924లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండులో లూయీతో కలిసి కుర్రాడిగా వాయించినవాడు, 40 ఏళ్ళు గడిచాక తిరిగొచ్చి అతని పక్కన కూర్చున్నవాడు. అతని కుర్చీలోకి జో మురాన్యీ. ఓ కుర్చీలారా! మీకైనా గుర్తున్నారా వాళ్ళ బరువులు?

చివరికి ఆ మధ్య మైకు దగ్గరి మనిషి, లూయీ వంతు. 1959లో ఇటలీలోని స్పొలెటోలోనే గుండె ఒకసారి హెచ్చరించింది. 1968లో గుండె, మూత్రపిండాలు రెండూ మొరాయించాయి. 1969లో జో గ్లేజర్ పోయాడు. డాక్టరు వద్దన్నా వినకుండా 1971 మార్చిలో న్యూయార్క్ వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో రెండు వారాలు వాయించాడు. పక్కన ట్రాంబోన్ పట్టుకుని టైరీ గ్లెన్. ఆ రెండు వారాలు అతని ఒంట్లో మిగిలిన శక్తినంతా తీసేసుకున్నాయి. ఆసుపత్రి నుంచి కరోనా పేటలోని ఇంటికి చేరాక, పోవడానికి ముందు రోజు మేళాన్ని రిహార్సల్‌కు పోగు చెయ్యమని అడిగాడని జీవితచరిత్రలు చెబుతాయి. కాళ్ళు నిలవని మనిషి, ఊపిరి నిండని మనిషి, మేళాన్ని పిలవమన్నాడు! జులై 6 తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. 70 నిండడానికి నెల కూడా లేదు.

కరోనాలో చర్చిలో జరిగిన అంత్యక్రియల్లో జాజ్ మేళం లేదు. పెగ్గీ లీ ప్రార్థన పాడింది. న్యూ ఆర్లీన్స్ మాత్రం అలా ఊరుకోలేదు. తొమ్మిదేళ్ళు తలుపు మూసిన ఊరు, వేలమందిగా సిటీ హాలు ముందుకు తోసుకొచ్చింది, బ్రాస్ బ్యాండ్లు ఊదింది, నెట్టుకుంది, ఏడ్చింది, ఆడింది. అలా ఆడుతూ ఏడవడం ఆ ఊరికి తెలుసు. సిడ్నీకీ వెల్మాకీ బిల్లీకీ అందని ఆ మోతలో కొంతైనా వాళ్ళ వాటాగా చేరిందని అనుకోవడం నాకిష్టం.

మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు. టైరీ గ్లెన్ 1974లో. ట్రమ్మీ 1984లో. ఎన్నిసార్లు వెళ్ళినా తిరిగొచ్చిన ఆర్వెల్ షా 2002లో. హవాయి కుర్రాడు, చివరి డ్రమ్ములవాడు డానీ బార్సిలోనా 2007లో. జో మురాన్యీ 2012లో. 2024లో జ్యువెల్ బ్రౌన్, 86 ఏళ్ళకు, వెల్మా పాడిన చోట నిలబడి పాడిన పిల్ల. ఆమె చోటికి మనిషి కోసం ఏ ఆఫీసు నుంచీ ఫోన్లు వెళ్ళలేదు.